చంపావతి ఒడ్డున చిసోమో గుండు

అది 2024, ఎండలు ముదిరిన ఏప్రిల్ నెల. విజయనగరం దాటి కాలేజీల వైపు వెళ్ళే రోడ్డు మీద మాకొక సెలూన్ ఉంది. మాకు అంటే నాకూ, మా అక్క మొగుడు అప్పన్న బావకీ. నా పేరు సూర్యనారాయణ, అందరూ సూరి అంటారు. పాతికేళ్ళు దాటింది ఈ పనిలో పడి. షాపులో రెండు కుర్చీలు, ముందొక అద్దం, వెనకొక అద్దం. ఆ రెంటి మధ్యా కూర్చున్న మనిషి ఒక్కడుగా ఉండడు. ఒకరి వెనక ఒకరుగా అద్దంలో లోలోపలికి వెళ్ళిపోతూ ఉంటాడు. కొత్తగా వచ్చిన కాలేజీ పిల్లలు ఆ వరస చూసి నవ్వుకుంటారు. ఇన్నేళ్ళయినా నేను మాత్రం చేతిలో పని ఆపి దాన్నే చూస్తూ ఉండిపోతాను.

మా పని సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. తల మీద చెయ్యి పడగానే ఎంతటి మనిషయినా సగం నిద్రలోకి జారుకుంటాడు. కళ్ళు మూతలు పడతాయి, మెడ బరువంతా మా అరచేతిలోకి వచ్చేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఫ్యాన్ తిరిగే చప్పుడు, కత్తెర చప్పుడు, బయట తారు రోడ్డు మీద నీళ్ళలా కదిలే ఎండ, ఇవన్నీ కలిసిపోయి నాకూ మత్తు కమ్ముతుంది. బావ నన్ను చూసి, ఒరే సూరీ, నువ్వు నిద్రలో నడిసేవోడివి కాదు, నిద్రలో కటింగ్ సేసేవోడివి అని ఎగతాళి చేస్తూ ఉంటాడు. ఆయన అలా కాదు. మాట మొరటు, మనసు వెన్న, కోపం ముక్కు మీదే ఉంటుంది.

గుండు చేయడంలో కూడా తేడాలున్నాయి. కుర్రాళ్ళు వేసవికి హాయిగా ఉంటుందని షాపులో చేయించుకునే గుండుకి ట్రిమ్మర్ చాలు. ట్రిమ్మర్ అంటే కరెంటుతోనో బ్యాటరీతోనో జుట్టు కత్తిరించే మిషను. దేవుడికి మొక్కుకున్న గుండు వేరు. ఇంట్లో మనిషి పోతే కొడుకులు చేయించుకునే గుండు పూర్తిగా వేరు. దాన్ని మేం షాపులో చెయ్యం. ఏటి ఒడ్డున చేస్తాం. దానికి వేరే కత్తి, వేరే గుడ్డ, వేరే గిన్నె ఉంటాయి. అవి షాపు గడప తొక్కవు. పని అయ్యాక మేమూ ఏట్లో మునిగి, తడి బట్టలతోనే ఇంటికి వెళ్తాం. మా చుట్టుపక్కల వీధుల వాళ్ళకు చంపావతి ఒడ్డే ఆ చోటు. ఆ పనులు బావవే. ఏడుస్తున్న తల మీద కత్తి పెట్టే గుండె నిబ్బరం నాకు లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం నేను బ్లేడ్లూ పౌడరూ తేవడానికి బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి షాపు ముందు కాలేజీ పిల్లలు గుమిగూడి ఉన్నారు. గుమ్మంలో బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మెట్టు మీద ఒక పొడవాటి ఆఫ్రికా కుర్రాడు మోకాళ్ళలో తల దాచుకుని కూర్చున్నాడు. అతని పక్కన ఒకమ్మాయి చేతిలో ఫోనుతో, కళ్ళనిండా నీళ్ళతో ఉంది. నేను మోపెడ్ దిగకుండానే ఆ అమ్మాయి అడిగింది, ఈ షాపు మీదేనా అని.

జరిగింది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. ఆ కుర్రాడి పేరు చిసోమో. మలావీ దేశం నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ నాన్న అక్కడొక పెద్ద సరస్సులో చేపలు పట్టేవాడు. ముందు రోజు ఆయన పోయాడని కబురొచ్చింది. ఇక్కడి నుంచి బయల్దేరినా ఖననం వేళకి చేరుకోలేడు. మంగళవారం ఖననం అయ్యాక అతని అన్నదమ్ములంతా వరసగా కూర్చుని గుండు చేయించుకుంటారట. అది వాళ్ళ ఇంటి ఆచారం. నువ్వు ఎక్కడున్నా సరే, వాళ్ళతో పాటే నీ తల కూడా నున్నగా కావాలి అని వాళ్ళమ్మ ఫోన్లో చెప్పింది. ముందుగానే చేయించేసుకోవాలన్న తొందరలో, అక్కడి వేళా ఇక్కడి వేళా కూడా చూసుకోకుండా అతను సోమవారమే గుండు కోసం బయల్దేరాడు.

ఆ అమ్మాయి అతని క్లాస్‌మేట్ హేమ. భావనపాడులో సముద్రం మీద బతికే కుటుంబం. ఎండు చేప ఎవరింటి పద్ధతిలో రుచిగా ఉంటుందన్న వాదనతో వీళ్ళిద్దరికీ స్నేహం మొదలయిందట. మా షాపుకి ముందు ఇద్దరూ మరో రెండు షాపులకి వెళ్ళారు. ఒకచోట, ఈ జుట్టుకి మా మిషను పాడైపోతుంది అన్నారు. ఇంకోచోట కరెంటు లేదన్నారు. ఆ మాట అంటున్న మనిషి నెత్తి మీదే ఫ్యాన్ తిరుగుతోంది. అక్కడి నుంచి హేమ ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టింది.

మూడోది మా షాపు. చిసోమో వచ్చి బావ కుర్చీలో కూర్చున్నాడు. తల చూపించి, నాన్న చనిపోయాడని ఇంగ్లీషులో చెప్పాడు. ఫాదర్, డెత్ అన్న రెండు మాటలూ బావకి అర్థమయ్యాయి. వెంటనే అతని మెడకి చుట్టబోయిన గుడ్డ లాగేసి, ఇక్కడ కాదు అన్నట్టు చెయ్యి ఊపి, తనకొచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క వాడాడు. అవుట్‌సైడ్, అవుట్‌సైడ్. వీడియోలో కనిపించేది అదే. కుర్చీలోంచి లేచి నిలబడిన కుర్రాడు, బయటికి ఊపుతున్న చెయ్యి, ఆ మాట. నేను బ్లేడ్లు కొని వచ్చేలోపే అది కాలేజీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. కింద ‘రేసిస్ట్ సెలూన్’ అని రాసి ఉంది.

ఆ మాటే బావని నిలువునా కాల్చేసింది. దానర్థం ఆయనకి సరిగా తెలియదు. గుంపులో ఎవరో, మనిషి రంగు చూసి, జాతి చూసి నీచంగా చూసేవాణ్ణి అలా అంటారు అని చెప్పారట. అప్పట్నుంచీ ఒకటే మాట, నాకు ఆ బుద్ధి లేదు, దాన్ని తీసెయ్యమను అని. చిసోమో మాత్రం ఎవరినీ ఏమీ అనడం లేదు. కళ్ళెత్తి కూడా చూడడం లేదు. అంత పొడుగు మనిషి మెట్టు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

మిగతా పిల్లల్ని పంపించేసి ఈ ఇద్దరినీ లోపలికి పిలిచాను. లోపల మొదటి కుర్చీలో మోహనరావు గారు పేపర్ పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన డిగ్రీ కాలేజీ లెక్చరర్, నా చేతి గెడ్డం తప్ప ఇంకొకరి చేతిది ఒప్పుకోరు. ఏం చెయ్యాలో తోచక, ముందు ఆయన ముఖానికి నురగ పట్టించాను. చేతులకి పనుంటే నాకు బుర్ర కుదురుగా ఉంటుంది. ఆ నురగతోనే ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. అద్దంలో ఒకరి వెనక ఒకరుగా తెల్ల గెడ్డాల మోహనరావులు చాలామంది మాట్లాడుతున్నట్టు కనిపించింది.

రేసిజం అన్నది చాలా బరువైన మాట అన్నారాయన. ఒక జాతి ఎక్కువది, ఇంకొకటి తక్కువది అనే నమ్మకం ఉండాలి, ఆ నమ్మకంతో చేసిన పని అయుండాలి. అప్పన్నది ఆచారం. ఆచారం తప్పో ఒప్పో వేరే సంగతి. “ప్రతిదానికీ ఇదే మాట వాడేస్తే ఎలాగమ్మా? రేపు నిజంగా అలాంటివాడు ఎదురైతే వాణ్ణి పిలవడానికి నీ దగ్గర మాటేం మిగులుతుంది?” అని హేమని అడిగారు. వెటకారంగా కాదు, తెలుసుకోవాలన్నట్టే అడిగారు. నాకది సబబైన ప్రశ్నే అనిపించింది.

హేమ అప్పటిదాకా పుస్తకాల తెలుగే మాట్లాడుతోంది. ఈ ప్రశ్నకి మాత్రం వాళ్ళ ఊరి మాట బయటికొచ్చింది.

“ఎదుటోడి గుండెలో ఏటున్నాదో నానెలాగ సూడగలను సార్? నాకు కనబడింది సెయ్యి. మాయమ్మ సేపల గంపతో బస్సెక్కితే పక్కనోలు లెగిసి ఎల్లిపోతారు. వాసనంటారు. వాసన నిజిమే. మరి గంప లేని రోజున కూడా లెగిసినోలున్నారు. ఏ రోజు వాసనకి లెగిసినారో, ఏ రోజు మాకు లెగిసినారో ఆవిడికి తెల్దు. బస్సు దిగీవరకూ అదే ఆలోసన.”

బావ ఊరుకోలేదు. పొద్దున్నే మంగలివాడు ఎదురైతే అపశకునమని వెనక్కి తిరిగిపోయే మనుషుల్ని ఆయన చిన్నప్పటి నుంచీ చూశాడు. పెళ్ళికి బయల్దేరినవాళ్ళు బావ వాళ్ళ నాన్న కనబడితే, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి బయల్దేరేవారట. ఆ సంగతంతా చెప్పి, అవతలోడు తోసెత్తే ఎంత మంటగా ఉంటాదో నాకు నువ్వు సెప్పాలేటి అని హేమ మీద లేచాడు. ఆయన కళ్ళు తడిశాయి. బావ కంట నీళ్ళు చూడటం నాకది రెండోసారో మూడోసారో.

అంతవరకూ నోరెత్తని చిసోమో అప్పుడు మాట్లాడాడు. మెల్లగా, ఇంగ్లీషులో. హేమ ఒక్కొక్క వాక్యం విని మాకు తెలుగులో చెప్పింది.

“ఈయన చెడ్డవాడని నేననలేదు. నన్ను వద్దన్న ప్రతివాళ్ళ దగ్గరా ఏదో ఒక కారణం ఉంటుంది. గది అద్దెకి అడిగితే చుట్టాలొస్తున్నారంటారు. ఆటో ఆపితే వేరే వైపు వెళ్తున్నానంటారు. అందులో కొన్ని నిజమే అయ్యుంటాయి. ఏది నిజమో, ఏది సాకో తేల్చుకునే పని మాత్రం ఎప్పుడూ నాదే. ఈరోజు నాకు ఆ ఓపిక లేదు. మా నాన్న పోయాడు.”

ఫ్యాన్ తిరుగుతోంది. ఆ చప్పుడులో నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. మా ఊళ్ళో ఊరి చివరి పేట వాళ్ళ తలలు ముట్టుకోకూడదని పెద్దలు కట్టడి చేశారు. మా నాన్న మెత్తని మనిషి, పొమ్మని ఎవరినీ అనలేడు. పేట నుంచి ఎవరైనా వస్తే, కత్తికి పదును లేదు నాయనా అనేవాడు. అప్పుడే సాన పట్టిన కత్తి ఆయన ఒళ్ళో తళతళలాడుతూ ఉండేది. వచ్చినవాళ్ళు ఆ కత్తి వంక చూసి, మా నాన్న వంక చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. ఎండలో వెళ్ళిపోతున్న ఆ వీపులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఈ మాట పైకే చెప్పాను. అది కులం, దాని చరిత్ర వేరు, దాని పేరు వేరు అన్నారు మోహనరావు గారు. వెనక్కి నడిసెల్లినోడికి దారి ఒకటే కద సార్ అంది హేమ. పేర్లు కలిపేస్తే దేనికి ఏ మందు వెయ్యాలో తెలియకుండా పోతుందన్నారు ఆయన. పేరు తేలీదాకా మందెయ్యకుండా కూకుంటారా అంది ఆమె. నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు తోచింది. రేజర్ చేత్తో పట్టుకుని నేనలా నిలబడే ఉన్నాను. ఆయన ముఖం మీద నురగ ఎండి పొరలుపొరలుగా రాలుతోంది.

ఈ వాదన ఇలాగే సాగితే రేపు ఈ పిల్లాడి తల మాటేమిటి అనిపించింది నాకు. అక్కడ అన్నదమ్ములు గుండ్లతో కూర్చుంటారు. వాళ్ళ ఫోన్లో ఇతనొక్కడూ జుట్టుతో కనబడతాడు. వాళ్ళమ్మ చూస్తుంది. అప్పుడు బావ వైపు తిరిగాను.

“బావా, ఒకటడుగుతాను. మన ఈది సివర రమణ పోయినప్పుడు ఆలబ్బాయి తెలీక తిన్నగా షాపుకొచ్చి నీ కుర్సీలో కూకుండిపోతే ఏటి సేద్దువు?”

“ఏటి సేత్తాను? ఇక్కడ కాదు నాయినా, సంపావతికి పద, నానొత్తాను అందును. బుజం మీద సెయ్యేసి తోడుకొని ఎల్దును.”

“ఆ మాట ఈ బాబుకి సెప్పినావా?”

“నాకు ఇంగ్లీసొచ్చేటి?”

“బుజం మీద సెయ్యెయ్యడానికి ఇంగ్లీసెందుకు బావా.”

బావ నా వంక చూశాడు. తిడతాడనుకున్నాను. రెండో కుర్చీలో, చిసోమో లేచిపోయిన కుర్చీలోనే కూర్చుండిపోయాడు. అద్దంలో తలలు వంచుకున్న అప్పన్నలు చాలామంది కనిపించారు. ఆయన తన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. కాసేపటికి హేమని పిలిచి, షాపులో ఎందుకు చెయ్యమో, ఏటి దగ్గర ఎలా చేస్తామో అంతా ఆ అబ్బాయికి చెప్పమన్నాడు.

హేమ చెప్పింది. చిసోమో చివరిదాకా విని, ఒకే ప్రశ్న అడిగాడు. అయితే మళ్ళీ బయటికే పంపిస్తున్నారా అని.

నిజానికి ఆచారం ఎంత మంచిదయినా, గుమ్మం అవతలికి పంపబడినవాడికి అది గుమ్మం అవతలే. బావ లేచి అతని ఎదురుగా నిలబడ్డాడు. తలెత్తి చూడాల్సి వచ్చింది, అంత పొడుగు ఆ అబ్బాయి.

“మాయయ్య పోయినప్పుడు నాను తలొంచింది అక్కడే. ఈ సూరిగాడు తలొంచింది అక్కడే. రేపు నాను పోతే నా కొడుకు సేయించుకున్నా అక్కడే సేయించుకోవాల. నీకు ఇక్కడే కావాలంటే ఇప్పుడే, ఈ కుర్సీలోనే సేసెత్తాను. ఆసారం పోతే పోనాది. నీ అయ్య, నీ తల. నువ్వు ఎలాగంటే అలాగ.”

హేమ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. చిసోమో ఆ ఏటి దగ్గర ఫోన్ సిగ్నల్ వస్తుందా అని అడిగాడు. వస్తాదన్నాను. అయితే అక్కడే అన్నాడు.

బావ అంతలోనే, ఆ రేసిస్టన్న మాట మాత్రం నాకు సెల్లదని సెప్పమ్మా అన్నాడు. చిసోమో తల అడ్డంగా ఊపాడు. మాట సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడే ఒప్పుకోమని మీరూ నన్ను అడక్కండి, నేనూ మిమ్మల్ని అడగను అన్నాడు. అదే మంచిదన్నారు మోహనరావు గారు. నేను ఆయన ముఖానికి మళ్ళీ నురగ పట్టించాను.

మర్నాడు మంగళవారం. మా పక్క సెలూన్లన్నిటికీ సెలవు. బావ వాళ్ళింటి పెరట్లోంచి ఆ వేరే కత్తి, గుడ్డ, గిన్నె మూట కట్టి తెచ్చాడు. ఎండ వాలుతుండగా నలుగురం ఆటోలో నెల్లిమర్ల దగ్గర చంపావతికి వెళ్ళాం. ఏప్రిల్లో చంపావతి అంటే ఏరు కాదు, ఇసుక. ఆ ఇసుక మధ్యలో ఒకటే సన్నటి పాయ, మోకాలి లోతు కూడా ఉండదు. వేడికి దూరంగా నడిచేవాళ్ళ కాళ్ళు నేలకి ఆనకుండా, గాల్లో తేలుతూ వస్తున్నట్టున్నాయి. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు. నాకు ఇది ఎప్పుడో చూసిన చోటులా, ఇంకా చూడని చోటులా కూడా అనిపించింది.

ఆడపిల్లలు మామూలుగా ఆ పనికి దగ్గర ఉండరు. ఆ రోజు ఫోన్ పట్టుకోవడానికి హేమ కావాలి. బావే ఆమె నిలబడటానికి నీడ ఉన్న చోటు చూపించాడు. ఫోన్లో చిసోమో వాళ్ళ వాకిలి కనిపించింది. అక్కడ ఇంకా మధ్యాహ్నమే. చాప మీద అతని అన్నదమ్ములు వరసగా కూర్చున్నారు. ఒక ముసలాయన, వాళ్ళ బాబాయట, చేతిలో కత్తితో పెద్దవాడి వెనక నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు పాడుతున్న పాట సన్నగా, నీళ్ళ మీంచి వచ్చినట్టు వినబడుతోంది.

బావకి ఒక అలవాటుంది. ఈ పనికి కూర్చున్నవాళ్ళ తల తడిపే ముందు, పోయిన మనిషి పేరు అడిగి, తనూ ఒకసారి పైకి అంటాడు. ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఆ రోజూ అడిగాడు. చిసోమో చెప్పాడు, మదలిత్సో అని. బావకి నోరు తిరగలేదు. మళ్ళీ అడిగాడు. చిసోమో మళ్ళీ చెప్పాడు. సరిగ్గా వచ్చేదాకా బావ నీళ్ళు ముట్టుకోలేదు. వచ్చాక, దోసిట్లో నీళ్ళు తీసుకుని అతని తల మీద పోశాడు.

అలాంటి జుట్టు మేమెప్పుడూ చెయ్యలేదు. గట్టిగా, వాలుకి ఎదురుగా గీస్తే వెంట్రుక చర్మం లోపలికే మళ్ళీ చుట్టుకుని పొక్కులు లేస్తాయని చిసోమో చెప్పాడు. ఇన్‌గ్రోన్ హెయిర్ అంటారట దాన్ని. అందుకని నేను ముందు బ్యాటరీ ట్రిమ్మర్‌తో దగ్గరగా తీశాను. తర్వాత బావ అరచేత్తో తలంతా తడిమి, ఏ పక్కకి వాలు ఉందో చూసుకుని, కత్తి ఒక్కసారే మెత్తగా నడిపించాడు. మొండి జుట్టనుకున్నాను గానీ ఎంత మెత్తగా ఉన్నాదిరా అన్నాడు నాతో. చిసోమో కళ్ళు మూసుకున్నాడు. మెడ బరువంతా బావ చేతిలోకి వచ్చేసింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ క్షణాన వదిలేశాడు. భుజాలు కదిలేలా ఏడ్చాడు. బావ కత్తి పక్కన పెట్టి, తల అలాగే పట్టుకుని, ఏడుపు నెమ్మదించేదాకా ఆగాడు.

ఫోన్లో అవతలి ముసలాయన మమ్మల్ని చూశాడు. తన చేతిలో కత్తి కొంచెం పైకెత్తి చూపించాడు. బావ కూడా తన కత్తి ఎత్తి చూపించాడు. ఇద్దరూ మళ్ళీ తమ తమ తలల మీదికి వంగారు. నేను ఇసుకలో కూర్చుని చూస్తున్నాను. ఆ కాసేపు మేం ఏ ఒడ్డున ఉన్నామో, ఎవరి పాట ఎవరి ఏటి మీద వినబడుతోందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. కళ్ళ నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి.

అంతా అయ్యాక, చిసోమో పాయలో కూర్చుని తల ముంచి లేచాడు. తడి గుండు మీద ఎండ మెరుస్తోంది. ఫోన్ దగ్గరికి వచ్చాడు. అక్కడ చాప మీద గుండ్ల వరస. అందరూ ఇతన్ని చూసి తలలూపారు. అప్పుడు వాళ్ళమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. కొడుకు తల చాలాసేపు చూసింది. తర్వాత బావని చూపిస్తూ ఏదో అడిగింది. చిసోమో వాళ్ళ భాషలో కొంచెం పొడుగ్గానే జవాబు చెప్పాడు.

బావ ఉండబట్టలేక ఏటడిగింది, ఏటి సెప్పినాడు అని హేమని తొందర చేశాడు. హేమకీ ఆ భాష రాదు. చిసోమోనే అడిగింది. అతను ఇంగ్లీషులో చెప్పింది విని, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, చెప్పింది. ఆ పెద్దాయన ఎవరని అమ్మ అడిగిందట. నిన్న నన్ను కుర్చీలోంచి లేపి బయటికి పొమ్మన్నాయన ఈయనే అని చెప్పాడట. ఈరోజు నాన్న పేరు నేర్చుకుని నాకు గుండు చేసింది కూడా ఈయనే అని చెప్పాడట.

బావ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. మొదటి ముక్క చెప్పకుండా ఉంటే ఏం పోయిందని నాకే అనిపించింది. బావ కత్తి నీళ్ళలో కడుగుతున్నాడు. కడిగి, గుడ్డతో తుడిచి, మూటలో పెట్టాడు.

“రెండూ సెప్పినాడు,” అన్నాడు. “నాయంగా సెప్పినాడు.”

ఆ వీడియో హేమ తీసెయ్యలేదు. తీసెయ్యమని బావ మళ్ళీ అడగనూ లేదు. ఏటి దగ్గర తీసిన రెండు ఫొటోలు చిసోమో ఒప్పుకున్నాక దాని కింద చేర్చింది, జరిగింది మొత్తం రాసింది. దాని కింద ఇప్పటికీ పిల్లలు కొట్టుకుంటున్నారట, ఇది రేసిజమా కాదా అని. మోహనరావు గారు కాదంటారు. హేమ అవునంటుంది. చిసోమో ఒకసారి కటింగ్‌కి వచ్చినప్పుడు నేనూ అడిగాను. అవును అన్నాడు, నవ్వుతూ. బావ పక్క కుర్చీ దగ్గర నుంచే కాదన్నాడు. ఇద్దరూ తర్వాత కలిసి టీకి వెళ్ళారు.

ఇన్నేళ్ళూ నేను న్యాయం అంటే అందరికీ ఒకే నియమం అనుకునేవాణ్ణి. మా షాపులో నియమం ఇప్పటికీ అదే. దినాల గుండు లోపల చెయ్యం, ఎవరొచ్చినా వద్దనే అంటాం. కానీ వద్దన్న తర్వాత, మరి ఎక్కడో చెప్పడం, నేనొస్తాను పద అనడం, భుజం మీద చెయ్యెయ్యడం కూడా ఆ నియమంలో సగమే. ఆ రెండో సగాన్ని మనకు తెలిసిన ముఖాలకే ఇచ్చుకుంటూ, నియమం అందరికీ ఒకటేనని నేను నమ్ముతూ వచ్చాను.